కొసరు లేని పెట్టెలు

అత్తగారి ముందు పెట్టిన టీ అలాగే చల్లారిపోయింది. ఆవిడ తాగలేదు, వద్దని కూడా అనలేదు.

కోడలు దాన్ని తీసుకెళ్లి మళ్లీ వేడిచేసి తెచ్చింది. రెండోసారీ అదే వరస. ఆ ఇంట్లో కోపాలొస్తే గిన్నెలు ఎగరవు, తలుపులు ధడేలుమనవు. టీలు చల్లారతాయి, అంతే. గిన్నెలు ఎగిరినా బాగుండేదని కోడలికి అనిపించింది. ఎగిరిన గిన్నెను కనీసం ఏరుకోవచ్చు.

భర్త పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. పేజీ తిప్పడం మర్చిపోయాడు కాబట్టి చదవడం లేదని తెలిసిపోతోంది. ఆడపడుచు వంటింటి గుమ్మంలో నిలబడి తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంటోంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. అలాంటిది నిన్న సాయంత్రం నుంచి వదినతో ఒక్క మాట మాట్లాడలేదు. తప్పనిసరైతే గోడతో మాట్లాడుతోంది.

"మూడో వరస ట్రేల్లో చప్పుడు మొదలైంది," అని గోడకు చెప్పింది. "ముక్కులతో పొడుస్తున్నాయి."

ఆ మాటకు మాత్రం ముగ్గురూ తలెత్తారు. ఇంటి వెనక ఉన్న హేచరీలో, మూడు వారాలుగా యంత్రాల్లో వెచ్చగా పొదగబడుతున్న గుడ్లలో, కోడిపిల్లలు లోపలినుంచి పెంకు పగలగొట్టడం మొదలుపెట్టాయన్నమాట. ఈ రోజు మధ్యాహ్నానికి మొదటివి బయటపడతాయి. రేపు మధ్యాహ్నానికి ఆఖరివి. రేపు రాత్రి ఎనిమిదింటికి వాటిని దూరదేశం తీసుకెళ్లే విమానం. ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదన్న సంగతి గుడ్లకు ఎవరు చెబుతారు?

ఆ విమానమే ఇప్పుడు నలుగురి మధ్యా అడ్డంగా నిలబడి ఉంది.

రాత్రి ఎనిమిదింటికి ఇక్కడ ఎక్కితే మర్నాడు పొద్దున పదకొండింటికి అక్కడ దిగుతాయి, ఒక రాత్రి ప్రయాణం. నిన్నటిదాకా కోడలి లెక్క ఇది. ఇంట్లో అందరికీ చెప్పింది, అత్తగారికి మరీ మరీ చెప్పింది. ఎనిమిది మన ఊరి గడియారానిదనీ, పదకొండు అవతలి ఊరి గడియారానిదనీ ఆమెకు తట్టలేదు.

తట్టకపోవడానికి ఆ ఇంటి పద్ధతి కూడా కొంత కారణం. హేచరీలో కాలమంతా ఒకే గోడ గడియారం. గుడ్డు లోపల పెట్టిన గంట, పిల్ల బయటపడ్డ గంట, పెట్టె బండెక్కిన గంట, అన్నీ దాన్ని చూసే లెక్కేస్తారు. పెళ్లై వచ్చిన మొదటి నెలలోనే అత్తగారు ఆ తీసివేతలు నేర్పారు. అప్పటినుంచి ఎవరు ఏ రెండు సమయాలు చెప్పినా కోడలు నిద్రలో కూడా తీసేసి చెప్పగలదు. ఎప్పుడూ తప్పు పోలేదు. వాళ్ల పెట్టెలు ఆ గడియారం చెల్లని చోటికి ఎప్పుడూ వెళ్లలేదు మరి.

నిన్న సాయంత్రం ఆడపడుచు ఊసుపోక ఫోనులో రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంతో చూసింది. పద్దెనిమిది వేల కిలోమీటర్లు. భూమి చుట్టూ తిరిగొచ్చే దూరంలో దాదాపు సగం. విమానం గంటకు తొమ్మిది వందలు పోతుంది కదా, మధ్యలో ఒకచోట దిగి, అయిదు గంటలు ఆగి, ఇంకోటి ఎక్కాలి కదా, అని వేళ్లు మడుస్తూ వచ్చి, "ఇదంతా పదిహేను గంటల్లో ఎలా అవుతుంది వదినా?" అని అడిగింది. వదినతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే.

అవతలి ఊరి గడియారం పది గంటలు వెనక నడుస్తుంది. ప్రయాణం పదిహేను గంటలు కాదు, ఇరవై అయిదు.

మనుషులకైతే పది గంటలు ఎక్కువ కూర్చుంటే నడుం నొప్పి, అంతే. కోడిపిల్లల సంగతి వేరు. పిల్ల పెంకులోంచి బయటికొచ్చే ముందు గుడ్డులో మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. సద్దిమూట కట్టుకుని బయల్దేరినట్టు. ఆ మూటతో రెండు రోజులు, గట్టిదైతే మూడో రోజు దాకా గింజా నీళ్లూ లేకుండా బతుకుతుంది. లోకంలో కోడిపిల్లల్ని అట్టపెట్టెల్లో దేశాలు దాటిస్తున్నారంటే దాని పుణ్యమే. ఈ రోజు పుట్టే పిల్ల రేపు రాత్రి దాకా ఆగి, ఇరవై అయిదు గంటలు ఎగిరి, అక్కడ తనిఖీ గదిలో కూర్చుని, కొండదారిలో ఫారం చేరేసరికి ఆ మూట ఎప్పుడో ఖాళీ అయిపోతుంది.

భర్త చివరికి పేపరు మడిచాడు.

తాను రాత్రంతా ఆలోచించాననీ, దీనికింత తలలు పట్టుకోనక్కర్లేదనీ మొదలుపెట్టాడు. ప్రపంచంలో ప్రతి హేచరీ చేసే పనే మనమూ చేద్దాం అన్నాడు. ఆ పని ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి పేరు చెప్పడానికి కాస్త వెనకాడాడు. తర్వాత చెప్పేశాడు.

"ఈ ఒక్కసారికి కొసరు వేద్దాం. నూటికి పది వేద్దాం. కొనే ఆవిడ అడిగినన్నీ బతికి దిగుతాయి. ఎవరికీ నష్టం లేదు."

"ఆ పదింటికి?" అన్నారు అత్తగారు.

నిన్న సాయంత్రం నుంచి ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

ఈ వ్యాపారంలో కొసరంటే ఏమిటో చెప్పుకోవాలి. నూరు పిల్లలు కొంటే పెట్టెలో నూట రెండు పెడతారు. దారిలో పోయేవి పోతాయి, అవతలివాడు బతికున్నవి లెక్కపెట్టుకుంటాడు, లెక్క సరిపోతుంది, ఇద్దరూ సంతోషం. అందరూ చేస్తారు, ఎవరూ తప్పనుకోరు. ఈ ఇంట్లో మాత్రం నలభై ఏళ్లుగా ఒక్క పెట్టెలోనూ కొసరు పడలేదు. కొసరు వేశామంటే చస్తాయని ముందే ఒప్పుకున్నట్టు, ఒప్పుకున్నాక ఇంక జాగ్రత్త ఎవడు పడతాడు అంటారు అత్తగారు. ఆవిడ నలభై ఏళ్లు ఏరి ఏరి నిలబెట్టిన ఎర్ర కోళ్ల జాతి ఎంత పేరు మోసిందో ఈ కొసరు లేని పెట్టె అంత పేరు మోసింది. పోటీదారులు కూడా వెక్కిరింపుగా మొదలుపెట్టి గౌరవంగా ముగిస్తారు ఆ మాటను.

కొడుక్కి ఆ పేరంటే గర్వమే. కానీ గర్వపడటానికి కూడా ఒక సందర్భం ఉంటుందని అతని వాదన. అందరూ హంతకులూ మనమొక్కళ్లమే ధర్మాత్ములమా అన్నాడు. అందరి సంగతి నాకెందుకు, నేను వాళ్ల పెట్టెలు మూశానా అన్నారు ఆవిడ. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఎలాగమ్మా అని అతను విసుక్కున్నాడు. నాలుగో కాలు నువ్వు చూపించు, చూస్తానన్నారు ఆవిడ. ఆడపడుచుకి నవ్వొచ్చి, వదిన కూడా అక్కడే ఉందని గుర్తొచ్చి, గోడవైపు తిరిగింది.

కోడలు ఇక ఊరుకోలేకపోయింది. తప్పు తనదేననీ, ఈ పూటే ఫోను చేసి నిజం చెప్పేస్తాననీ, పిల్లల్ని పంపవద్దనీ అంది. మన షెడ్లలోనే పెంచుకుందాం, ఒక్కటీ పోదు అంది.

ఆ మాట అనడానికి ఆమెకెంత కష్టమైందో భర్తకు తెలుసు. ఆ బేరం ఆమెది. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో ఒకావిడ, జబ్బు తగిలి కోళ్లన్నీ పోయి, మళ్లీ మొదటినుంచి మంద కట్టాలని మంచి జాతి కోసం వెతుకుతుంటే, ఆవిణ్ణి పట్టుకున్నది కోడలే. ఇన్నేళ్లలో ఈ హేచరీకి ఆమె సొంతంగా తెచ్చిన మొదటి పని. ఆ సంగతి తెలిసిన రోజున అత్తగారు ఏమీ అనలేదు గానీ, పనివాళ్లందరి ముందూ తన కుర్చీ పక్కన కోడలికి కుర్చీ వేయించారు.

పంపకపోతే ఎలా అన్నాడు భర్త. ఆ దీవికి సరుకు విమానం అందేది వారానికొక్కసారి. బయటి పిల్లల్ని దించుకోవడానికి వాళ్ల సర్కారు ఆవిడకిచ్చిన గడువు ఈ నెలాఖరుతో సరి. ఈ జాతి కోళ్లు మళ్లీ పొదిగే గుడ్లు పెట్టేది చలికాలం దాటాకే. ఖాళీ షెడ్లు కడిగి, వెచ్చటి దీపాలు పెట్టుకుని కూర్చుందావిడ. ఆవిడకేం చెబుతావు?

అత్తగారు లేచారు. టీ అలాగే ఉంది.

"తప్పు చేసినదానివి నువ్వు," అన్నారు కోడలితో. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. "దిద్దుకునేదీ నువ్వే. నన్నూ అడక్కు, వాణ్ణీ అడక్కు."

ఆవిడ వెళ్లిపోయాక ఆడపడుచు చల్లారిన టీ కప్పు తీసి, ఈసారి వేడిచెయ్యకుండా కడిగేసింది.

ఫోను హేచరీ పక్కనున్న చిన్న ఆఫీసు గదిలో ఉంది. కోడలు వెళ్లి అందుకుని, సగం నంబరు నొక్కి, టక్కున పెట్టేసింది. ఇక్కడ మధ్యాహ్నమంటే అక్కడ నడిరాత్రి. నిన్నయితే ఈ మాట తట్టేది కాదు. ఇప్పుడు తట్టినందుకు సంతోషపడాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. అక్కడ తెల్లవారేదాకా, అంటే ఇక్కడ సాయంత్రందాకా, యంత్రాల మధ్య తిరుగుతూ గడిపింది.

అద్దాల వెనక పిల్లలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. తడిసి ముద్దై, మెడ నిలవక, పుట్టడమే పెద్ద పొరపాటైనట్టు మొహం పెట్టుకుని పడి ఉంటాయి కాసేపు. గంట గడిచేసరికి లేచి నిలబడి, పక్కదాని నెత్తిన కాలేసి, లోకం తమదే అన్నట్టు అరుస్తాయి. ఎన్ని వేలసార్లు చూసినా కోడలికి ఆ రెండో ఘట్టం ముచ్చటగానే ఉంటుంది. ఇవాళ మాత్రం ముందు పుట్టిన ప్రతి పిల్లనూ చూసి, నీకింత తొందరెందుకే అనుకుంది.

సాయంత్రం ఫోను కలిసింది. దీవి ఆవిడ అప్పుడే లేచినట్టుంది, గొంతు బొంగురుగా ఉంది. కోడలు దాచకుండా చెప్పింది. లెక్క తప్పిందని చెప్పింది, ఎలా తప్పిందో చెప్పింది. ముందు పుట్టినవి దారిలో పోతాయని చెప్పింది.

ఆవిడ చాలా మంచిగా మాట్లాడింది. అదే వచ్చిన చిక్కు. దానికేముంది, నాలుగు ఎక్కువ వేసి పంపండి, పోయినవి పోతాయి, నేను మిమ్మల్ని ఒక్క మాట అడగను అంది. ఎక్కడైనా ఉండేదే కదా అంది. ఇంకో మాట కూడా అంది.

"మీ పెట్టెల్లో కొసరు ఉండదని విని మీతో బేరం కుదుర్చుకున్నాను. పోన్లెండి, ఎవరికైనా తప్పదు కదా."

ఎంత ఓదార్పుగా అందో పాపం. కోడలికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. చెవులు వేడెక్కాయి. నలభై ఏళ్లు ఒక మనిషి నిలబెట్టిన మాట, తన తీసివేత ఒక్కటి తప్పినందుకు, "పోన్లెండి" అయిపోయింది. తిట్టినా ఇంత బాధపడేది కాదు.

"కొసరు వెయ్యమండీ," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "తక్కువ పంపుతాను. రేపు తెల్లవారాక పుట్టినవే పంపుతాను. మీరడిగిన దాంట్లో సగం కూడా ఉండకపోవచ్చు. కానీ పంపినవన్నీ బతికి దిగుతాయి."

ఫోను పెట్టి తిరిగేసరికి గుమ్మంలో భర్త. అంతా విన్నాడు.

"అన్నీ అని ఎందుకన్నావు? చాలావరకు అంటే సరిపోయేది కదా."

అతను లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. సగమే పంపితే ఆవిడకి మంద ఎప్పటికి తయారవుతుందో ఆలోచించావా అన్నాడు. అన్నీ బతుకుతాయని మాటిచ్చేశాక ఒక్కటి చచ్చినా అబద్ధమాడినట్టే కదా అన్నాడు. కొసరు వేస్తే ఎవరూ వేలెత్తి చూపరు, వెయ్యకపోతే ప్రతి చావుకూ మనమే జవాబు చెప్పాలి అన్నాడు. అన్నీ నిజమే. అన్నీ విన్నాక కూడా ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. అతనికి ఆ మొహం ఎక్కడో చూసినట్టు అనిపించింది. చిన్నప్పటినుంచి చూస్తున్న మొహమే.

"మా అమ్మ ఒక్కతి చాలదా ఈ ఇంటికి," అన్నాడు నీరసంగా.

ఆ రోజు మొత్తానికి ఆమె నవ్వింది అప్పుడే.

మర్నాడు తెల్లవారుతూనే కోడలు ట్రేలన్నీ బయటికి లాగించింది. అప్పటికి పుట్టిన పిల్లలన్నిటినీ, ఎంత చలాకీగా ఉన్నా సరే, బుట్టల్లో వేయించి పక్కకు పెట్టించింది. అవి మన షెడ్లకే. గుడ్లలో మిగిలినవాటి కోసం తలుపులు మళ్లీ మూసింది. అందమైన పిల్లలు అలా బుట్టల్లోకి పోతుంటే పనివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మంచివి ఇంట్లో పెట్టుకుని తడివి పంపుతారా అని ఒకామె గొణిగింది.

"తడిదంటే మూట విప్పనిదని అర్థం," అంది ఆడపడుచు. పనామెకే చెప్పింది గానీ వదినకు వినబడేలా చెప్పింది.

ఆ పూటంతా వదినా ఆడపడుచూ ఒకే బల్లకు చెరోవైపు నిలబడ్డారు. పిల్లను అరచేతిలోకి తీసుకోవడం, వెల్లకిలా తిప్పి బొడ్డు మూసుకుందో లేదో చూడటం, వేలితో పొట్ట నొక్కి లోపల మూట నిండుగా ఉందో లేదో తెలుసుకోవడం. ఆ పనిలో ఆడపడుచు చెయ్యి తిరిగింది. ఆమె కంటే చెయ్యి తిరిగిన మనిషి ఆ ఊళ్లో ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరూ పొద్దుటినుంచి హేచరీ వైపు రాలేదు, తన గదిలోనే ఉండిపోయారు.

మాటలు మాత్రం లేవు. గోడ పోయి ఇప్పుడు పిల్లలతో మాట్లాడుతోంది ఆడపడుచు. "నువ్వు పోతావు. నువ్వు కూడా పోతావు. నీ బొడ్డు ఇంకా ఆరలేదు, నువ్వాగు. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందని, నాకేసి అలా చూస్తావేం?" కోడలు తలెత్తకుండా విని, పెదవి కొరికి నవ్వాపుకుంది.

దూరప్రయాణం కాబట్టి గాలాడాలని పెట్టెలో నూరుకు బదులు ఎనభై పెట్టారు. పెట్టెకు నాలుగు గదులు, గదికి ఇరవై. మధ్యాహ్నానికి ఆఖరి గుడ్లు కూడా పగిలి, పిల్లలు ఆరి, అన్నీ సర్దేసరికి పదకొండు పెట్టెలు తేలాయి. మొదట అనుకున్నదానిలో సగం కూడా కాదు. భర్త పదకొండు పెట్టెలనూ చూసి ఏదో అనబోయి, మానేసి, కట్టే తాళ్లు తేవడానికి వెళ్లాడు.

అప్పుడొచ్చారు అత్తగారు. పొద్దుటినుంచి ఎవరూ ఏమీ తినలేదట కదా, వెళ్లి భోంచేసి రండి, నేను చూసుకుంటాను అన్నారు. పెట్టెల పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. నిన్నటినుంచి అటు తొంగిచూడని మనిషి వచ్చి కూర్చోవడమే కోడలికి పెద్ద వరమనిపించింది. అన్నం తింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆడపడుచు చూసి, ఏమీ అడక్కుండా నీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపింది.

తిరిగొచ్చేసరికి మూతలన్నీ వేసి, తాళ్లు కట్టేసి ఉన్నాయి. నాలుగింటికి వ్యాను వచ్చింది. సరుకు తీసుకునే కౌంటరు అయిదున్నరకు మూసేస్తారనీ, దారిలో రద్దీగా ఉందనీ, తొందరగా ఎక్కించాలనీ డ్రైవరు గుమ్మంలోంచే కేకేశాడు.

మొదటి పెట్టె ఎత్తబోతూ కోడలు ఆగింది. ఎందుకంటే ఏం చెబుతుంది? మొన్నటిదాకా ఆమెకు తన లెక్కంటే అనుమానం ఉండేది కాదు. ఇప్పుడు ఒకసారి చూసుకుంటే గాని కుదురు లేదు. తాడు విప్పి, మూత తీసి ఒక గది లెక్కపెట్టింది.

ఇరవై ఒకటి.

మళ్లీ లెక్కపెట్టింది. పిల్లలు కదులుతాయి కాబట్టి తప్పు పోవచ్చు. ఇరవై ఒకటే. రెండో గదిలో ఇరవై. మూడో గదిలో ఇరవై ఒకటి. ఇంకో పెట్టె తీసింది, అక్కడా అంతే. పెట్టెకు రెండు. పక్కన పెట్టించిన బుట్టల్లో ఒకటి సగానికి తగ్గి ఉంది. తెల్లవారకముందు పుట్టిన పిల్లల బుట్ట.

ఆమె లేచి నేరుగా భర్త ముందు నిలబడింది.

"ఇంతకంటే కొసరు వేసి తీరతానని నా మొహానే చెప్పేస్తే పోయేది కదండీ. మాటివ్వనిచ్చి, వెనకనుంచి ఇలా చేస్తారా?"

అతను తెల్లబోయాడు. ఏమిటంటున్నావో నాకు అర్థం కాలేదన్నాడు. పెట్టెలోకి తొంగిచూశాక అర్థమైంది. తాను కాదన్నాడు. ఒట్టు పెట్టుకోబోయాడు. ఆడపడుచు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడి, అన్నయ్య అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి, ఇప్పుడు ఎర్రగా లేవంది. పనివాళ్లు చేతిలో పని ఆపేశారు.

"వాణ్ణేమీ అనకు," అన్నారు అత్తగారు స్టూలు మీద నుంచి. "నేనే వేశాను."

యంత్రాల హోరులో పిల్లలు అరుస్తూనే ఉన్నాయి.

ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. తన రెండు చేతులవైపే చూసుకుంటూ మాట్లాడారు. నేను పంపిన పెట్టెలో ఒకటి చస్తే, పెద్దావిడ చెయ్యి ఈసారి తప్పింది పాపం అంటారు, రెండోసారి కొంటారు అన్నారు. నువ్వు పంపిన మొదటి పెట్టెలో ఒకటి చస్తే, కోడలి చేతికిచ్చింది, పోయింది అంటారు. ఆ మాట ఒకసారి పుడితే నువ్వు ముసలిదానివయ్యేదాకా చావదు. నాకు తెలుసు, నన్నూ మొదట్లో అన్నవాళ్లున్నారు.

"నా పేరు కోసం నలభై ఏళ్లలో ఒక్కటీ వెయ్యలేదమ్మాయ్," అన్నారు. "నీ పేరు కోసం వేశాను. ఎందుకు చేశానని అడక్కు. ఎక్కించు."

ఇన్నేళ్లలో ఆవిడ కోడల్ని దగ్గరికి తీసుకున్నది లేదు, మెచ్చుకున్నది లేదు, ఒక మంచి చీర కట్టుకుంటే బాగుందన్నది లేదు. ఇవాళ తన ప్రాణంలా చూసుకున్న మాటను కోడలి కోసం తన చేత్తోనే తీసి అట్టపెట్టెలో పెట్టేశారు. ఇంత గౌరవం తనకు ఇంకెవరూ ఇవ్వరని ఆమెకు తెలుసు. ఆ గౌరవాన్ని తీసుకోలేనని కూడా అప్పుడే తెలిసింది.

బయట హారన్ మోగింది. ఇంక అయిదు నిమిషాలు దాటితే కౌంటరు అందదని డ్రైవరు మళ్లీ అరిచాడు.

భర్త మెల్లగా దగ్గరికొచ్చాడు. పోనీ ఎక్కించేద్దాం, అమ్మంతటి మనిషి అన్నాక ఇంకేముంది అన్నాడు. పదకొండు పెట్టెలూ విప్పి మళ్లీ కట్టేసరికి విమానం వెళ్లిపోతుంది, అప్పుడు ఈ కొసరుతో పాటు మొత్తం అన్నీ ఇక్కడే ఉంటాయి, ఆ దీవి ఆవిడ చేతులు ఖాళీ. అది నిజమే. అందరికంటే ఆ నిజం కోడలికే బాగా తెలుసు.

ఆమె అత్తగారి ముందుకెళ్లి కింద కూర్చుంది.

"మీరు వేసినవి తెల్లవారకముందువి అత్తయ్యా. అవి దిగవు. దారిలోనే పోతాయి. అన్నీ బతికి దిగుతాయని చెప్పాను."

అత్తగారు తన చేతుల్ని ఒళ్లో పెట్టుకున్నారు.

"ఎక్కువున్న గదిలోంచి ఒకటి తీసెయ్యడం నాకూ వచ్చు. కానీ ఏది తియ్యాలో నాకు తెలియదు. ఆరిపోయాక అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నేను తీస్తే బతికేదాన్ని తీసి చచ్చేదాన్ని ఉంచుతానేమో." ఆమె మొదటి పెట్టెను ఆవిడ దగ్గరికి జరిపింది. "చేత్తో పట్టుకుని చెప్పగలిగింది మీరొక్కరే. మీరే తియ్యాలి."

ఆడపడుచు అప్పటికే మూడో పెట్టె తాడు విప్పుతోంది. గోడవైపు చూడలేదు, పిల్లలవైపు చూడలేదు.

"నేను మూతలు తీస్తూ ఉంటాను," అంది. "అమ్మ తీసినాక నువ్వు లెక్కపెట్టి మూసెయ్ వదినా. ముగ్గురం పడితే అవుతుందేమో."

భర్త ఇంకో క్షణం నిలబడి, తల అడ్డంగా ఊపి, డ్రైవరుతో ఏదో ఒకటి చెప్పి ఆపడానికి బయటికి పరిగెత్తాడు.

అత్తగారు కోడలి మొహంలోకి చాలాసేపు చూశారు. మొన్న సాయంత్రం నుంచి అలా చూడటం అదే మొదలు. ఆ చూపులో ఏముందో కోడలికి అర్థం కాకముందే ఆవిడ స్టూలు వెనక్కి తోసి, మోకాళ్ల నొప్పిని కూడా మర్చిపోయి, మొదటి పెట్టె ముందు నేల మీద కూర్చున్నారు. కొంగు నడుముకు దోపారు. పిల్లల మధ్యలోకి చెయ్యి పెట్టి ఒకదాన్ని తీసి, బొటనవేలు దాని పొట్ట మీద ఆనించి, కళ్లు మూసుకున్నారు.

"ఇది కాదు," అని దాన్ని మళ్లీ లోపల పెట్టేశారు.

బయట హారన్ ఆగకుండా మోగుతోంది. ఇంకొకటి తీశారు.